ఆపాల్సిన పరుగు

మా చెల్లెలి కూతురు మౌనికకు ఈ వేసవిలో హనుమకొండ దగ్గర ఒక గురుకుల పాఠశాలలో పీఈటీ ఉద్యోగం వచ్చింది. చేరడానికి ముందు రోజు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నువ్వు ఇన్నేండ్లు ఇదే పని చేసినవు గద, నాకేమన్న చెప్పు" అంది. నోటికొచ్చిన నాలుగు మాటలు చెప్పాను. ఎండలో పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వకు. బాగా ఆడే పిల్లల పేర్లతోపాటు ఆడలేని పిల్లల పేర్లు కూడా మొదటి వారంలోనే నేర్చుకో. ఫోన్ పెట్టేశాక, ఇవి ఎవరైనా చెప్పేవే కదా అనిపించింది. నేను మాత్రమే చెప్పగలిగింది ఒకటుంది. దాన్ని బయటికి చెప్పడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు కనుక రాస్తున్నాను. మౌనిక కోసం మొదలుపెట్టాను గానీ, పిల్లల్ని పరిగెత్తించే ఉద్యోగంలోకి వచ్చే ఎవరైనా చదవొచ్చు.

డ్రిల్లు టీచరు

మా నాన్న కాజీపేటలో రైల్వే గార్డు. అక్కడి రైల్వే మైదానంలో నేను నాలుగు వందల మీటర్లు పరిగెత్తడం నేర్చుకున్నాను. బీపీఈడీ చేశాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల జర్మనీలోని కార్ల్స్‌రూహె వచ్చాం. నా సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లవన్నారు. చంటిపిల్లను కీటాలో, అంటే శిశువిహారంలో వదిలి మళ్ళీ విశ్వవిద్యాలయంలో చేరాను. క్రీడలు, లెక్కలు రెండూ చదివి, ఆపైన రెండేళ్ళ శిక్షణ పూర్తిచేసి, ట్రామ్‌లో నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఒక గిమ్నాజియంలో చేరాను. అంటే మన హైస్కూలూ ఇంటరూ కలిసిన బడి. విజయలక్ష్మి అన్న పేరు పలకడం పిల్లలకు కష్టమై మొదటి నెలలోనే ఫ్రావ్ వీ, అంటే వీ మేడమ్ అని పిలవడం మొదలుపెట్టారు. రిటైరయ్యేదాకా అదే నా పేరు.

డ్రిల్లు టీచరంటే కాజీపేటలో ఎంత చులకనో ఇక్కడా అంతే. టీచర్ల గదిలో లెక్కల పరీక్ష గురించి నేను మాట్లాడితే వినేవాళ్ళు. ఆటల గురించి మాట్లాడితే కాఫీ కలుపుకోవడానికి లేచేవాళ్ళు. ఈ చిన్నచూపు మనల్ని ఏం చేస్తుందో ముందే తెలుసుకోవాలి. మనకూ ఒక విలువ ఉందని ఎవరికైనా చూపించాలన్న ఆరాటం పుడుతుంది. చూపించడానికి మన చేతిలో ఉండేది పిల్లల కాళ్ళే.

మా బడిలో అలా చూపించుకోవడానికి ఒక గోడ ఉండేది. జర్మనీ బళ్ళలో ఇలాంటిది అరుదు. వెనకటి హెడ్మాస్టరు ఒకాయన అమెరికాలో ఏదో బడి చూసి వచ్చి, వ్యాయామశాల ద్వారం పక్కన దీన్ని పెట్టించాడట. ఏరెన్‌వాండ్ అనేవాళ్ళు, గౌరవ గోడ. బడిలో చదివిన గొప్ప క్రీడాకారులు ఒక్కొక్కరికీ ఒక ఇత్తడి పలక. పేరు, ఆట, సాధించిన ఘనత, కింద ఒక వాక్యం. నేను చేరేనాటికి పద్నాలుగు పలకలున్నాయి. ప్రతి పలకనూ వేలితో తడుముకుంటూ వెళ్ళే పిల్లలను చూశాను. గోడ ముందు నిలబడితే ఎవరికైనా వెన్ను నిటారవుతుంది. నాకూ అయ్యేది.

ఫోగెల్ గారు

నా మొదటి పై అధికారి హెర్ ఫోగెల్. క్రీడా విభాగానికి పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరినీ పెద్దగా పొగిడేవాడు కాదు. నా మొదటి వారంలో నన్ను మైదానానికి తీసుకెళ్ళకుండా, పిల్లలు బట్టలు మార్చుకునే గదుల నుంచి కిందికి దిగే మెట్ల దగ్గర నిలబెట్టాడు. మైదానంలో నువ్వు చూస్తున్నావని వాళ్ళకు తెలుసు, అక్కడ అందరూ బాగానే నడుస్తారు, ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో మెట్ల మీదే తెలుస్తుంది అన్నాడు. అది నిజం. మెట్టు మెట్టుకీ ఒకే కాలు ముందు వేసే పిల్ల, కమ్మీ పట్టుకునే పిల్లాడు, వాళ్ళ కథంతా అక్కడే తెలిసిపోతుంది. నాకు ఈ ఉద్యోగంలో ఎవరైనా నేర్పిన వాటిలో అంతకు మించినది లేదు.

గోడ విషయంలో కూడా ఆయనకొక నియమం ఉండేది. బడి వదిలి ఐదేళ్ళు నిండితేగానీ ఎవరి పేరూ ఎక్కకూడదు. ఒకసారి ఈత కొట్టే కుర్రాడొకడు దేశస్థాయిలో పతకం తెస్తే, హెడ్మాస్టరూ తల్లిదండ్రులూ కలిసి వెంటనే పలక పెట్టాలని పట్టుబట్టారు. ఫోగెల్ ఒప్పుకోలేదు. ఆ పిల్లాడు ఇంకా పెరుగుతున్నాడు, గోడకు కొట్టేస్తే అక్కడే ఆగిపోతాడు అన్నాడు. అప్పుడు నాకది మొండితనంలా తోచింది. ఆయన రిటైరయ్యాక ఆ బాధ్యతలు నాకిచ్చారు. గోడ కూడా నా చేతికే వచ్చింది.

కత్రిన్

కత్రిన్ తండ్రికి ఊరి చివర మొక్కల నర్సరీ ఉండేది. పదకొండేళ్ళప్పుడు నా దగ్గరికి వచ్చింది. మొదట్లో వేగం లేదు. కానీ తన ముందు ఎవరైనా పరిగెత్తుతుంటే ఓర్చుకోలేకపోయేది. జడ కాలరు లోపలికి దోపుకుని, తల కొంచెం ఎడమకు వంచి పరిగెత్తేది. వాన పడుతున్నా, మంచు పడుతున్నా ఒక్క సాధన కూడా మానలేదు. పదిహేనేళ్ళకు జిల్లాలో, పదహారేళ్ళకు రాష్ట్రంలో ఎనిమిది వందల మీటర్లలో ఆమె పేరు తెలియనివాళ్ళు లేరు. టీచర్ల గదిలో నేను మాట్లాడుతుంటే కాఫీకి లేచేవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు.

పదిహేడో ఏట ఆమె బాగా చిక్కింది. మధ్యాహ్నం ఒక ఆపిల్, సగం రొట్టె, అంతే తినేది. బరువు తగ్గుతున్నకొద్దీ టైమ్ తగ్గింది. నేను సంతోషించాను. పైగా మిగతా పిల్లల ముందు మెచ్చుకున్నాను కూడా. నెలసరి సరిగ్గా వస్తోందా అని ఒక్కసారి కూడా అడగలేదు. తిండి చాలక నెలసరి ఆగిపోయిన పిల్లకు ఎముక పల్చబడుతుందని నేను చదువుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అడగడానికి సిగ్గుపడ్డాను. కాజీపేట మైదానంలో మా కోచ్‌తో మేం అలాంటి మాట ఎత్తేవాళ్ళం కాదు, ఆయన మగవాడు. నేను ఆడదాన్ని. ఆ క్రీడా విభాగంలో ఆ మాట అడగగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. అయినా అడగలేదు.

రాష్ట్ర పోటీలకు మూడు వారాల ముందు, సాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి గజ్జలో లోపల ఎక్కడో నొప్పిగా ఉందని చెప్పింది. కండరం పట్టేసి ఉంటుందని ఐసు పెట్టమన్నాను. తర్వాతి వారం మళ్ళీ చెప్పింది. రెండు రోజులు విశ్రాంతి ఇచ్చాను. పోటీ వారంలో సోమవారం నేను మెట్ల దగ్గరే ఉన్నాను. కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగింది. చూశాను. నా కళ్ళు చూసిందాన్ని నా మనసు ఒప్పుకోలేదు, అంతే.

శనివారం పొద్దున వార్మప్ మధ్యలో ఆగి, ఇవాళ ఎక్కువగా ఉందని చెప్పింది. "పరిగెత్తగలవా?" అని అడిగాను. "గలను" అంది.

మౌనికా, ఆ ప్రశ్న ఎప్పుడూ అడక్కు. స్పైకులు కట్టుకుని గీత దగ్గరికి వెళ్ళబోతున్న పదిహేడేళ్ళ పిల్ల దానికి లేదని జవాబు చెప్పదు. అది ప్రశ్నే కాదు. నిర్ణయం తీసుకోవలసిన పెద్దమనిషి దాన్ని పిల్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం. ఆపాలా వద్దా అన్నది నా పని. ఆమె పని పరిగెత్తడం ఒక్కటే.

మొదటి ల్యాప్ మూడో స్థానంలో ఉంది. ఆఖరి మలుపులో బయటి వైపు నుంచి ఇద్దరినీ దాటింది. గీత దాటాక నాలుగైదు అడుగులు వేసి, కాలు కింద నేల లేనట్టుగా పక్కకు ఒరిగిపోయింది. మా బడి పాత రికార్డు నాలుగు సెకన్ల తేడాతో బద్దలైంది. తొడ ఎముక మెడ దగ్గర సన్నగా ఉన్న పగులు ఆ పరుగులో పూర్తిగా విరిగి, ఎముక పక్కకు జరిగింది.

ఆస్పత్రిలో సర్జన్, ఎన్నాళ్ళ నుంచి నొప్పి ఉందని కత్రిన్‌ను అడిగాడు. వాళ్ళమ్మ మంచం అవతల నిలబడి ఉంది. కత్రిన్ నోరు తెరిచేలోపే నేను జవాబు చెప్పాను. "నాలుగైదు రోజులుగా, కొంచెం" అన్నాను. కత్రిన్ నా వంక చూసింది. సర్జన్ రాసుకున్నాడు.

పలక

ఎముకలో మరలు వేశారు. ఆ ఏడాదంతా చంకకర్రలతోనే బడికి వచ్చింది. ఎముకకు రక్తం సరిగ్గా అందక అది లోపల్లోపల పాడైపోయింది. ముప్పై ఏళ్ళు నిండకముందే కృత్రిమ తుంటి పెట్టవలసి వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు.

ఆమె బడి వదిలిన ఏడాదే పలక పెట్టించాను. ఫోగెల్ నియమం నాకు గుర్తుంది. ఇలాంటి ప్రత్యేక సందర్భంలో పట్టించుకోనక్కర్లేదని నేనే వాదించి అందరినీ ఒప్పించాను. అది జాలి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పలక ఆమె కోసం కాదు, నా నిద్ర కోసం. కింద వాక్యం కూడా నేనే రాశాను. "విరిగిన ఎముకతో గీత దాటింది, నొప్పిని లెక్కచేయలేదు" అని. ఆవిష్కరణకు ఆమె రాలేదు. కృతజ్ఞతలు అని ఒక్క మాట రాసిన కార్డు పంపింది. సిగ్గరి పిల్ల అనుకున్నాను.

ఆ తర్వాత ఏటా ఐదో తరగతిలోకి కొత్త పిల్లలు వచ్చినప్పుడు వాళ్ళను గోడ దగ్గరికి తీసుకెళ్ళి కత్రిన్ కథ చెప్పేదాన్ని. నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ ఆ కథలోంచి నన్ను నేను తీసేసుకున్నాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మడం మొదలుపెట్టాను. మన తప్పును పిల్లల ధైర్యంగా మార్చి చెప్పడం కంటే సులువైన పని ఈ ఉద్యోగంలో ఇంకోటి లేదు.

సహస్ర

సహస్ర తండ్రి రవీందర్‌ది కరీంనగర్. వాల్డార్ఫ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఇల్లు మా బడి ఊళ్ళోనే. తల్లి సునీత ఇంట్లోంచే ఏదో కంపెనీకి పనిచేసేది. పిల్ల ఇక్కడే పుట్టింది. తల్లిదండ్రులు తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పేది. పదిహేను వందల మీటర్లు పరిగెత్తేది. అడుగు పడిన చప్పుడే వినిపించేది కాదు. రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపు వచ్చినప్పుడు ఆమెకు పదహారేళ్ళు, నాకు రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళు.

ఎంపిక శనివారం. మంగళవారం నేను మెట్ల దగ్గర ఉన్నాను. సహస్ర కుడిచెయ్యి కమ్మీ మీద వేసి, అన్ని మెట్లూ ఎడమకాలితోనే దిగింది.

పక్కకు పిలిచి ఎక్కడ నొప్పి అని అడిగాను. "నిక్స్" అంది, ఏం లేదు అని. నేను వదల్లేదు. తొడ పైభాగాన చెయ్యి పెట్టి చూపించింది. ఎన్నాళ్ళ నుంచి అంటే నెల దాటిందంది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. వ్యాయామశాల ద్వారం వైపు చూసి, "కత్రిన్ పరిగెత్తింది కదా" అంది.

ఆ పిల్లకు ఆ కథ ఐదో తరగతిలో నేనే చెప్పాను.

నువ్వు శనివారం పరిగెత్తడం లేదని అక్కడికక్కడే చెప్పాను. ఏడ్చింది, కోపగించుకుంది, బ్యాగు కిందపడేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. రవీందర్ తలుపు తీశాడు. లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, తను నిలబడే మాట్లాడాడు.

"మేడమ్, మూడేండ్ల కష్టం. మీరు ఒక్క మాటతోని ఆపితే ఎట్ల? ఎముకల డాక్టర్ అపాయింట్‌మెంట్ మూడు వారాలకు దొరికింది. అప్పటిదాంక ఒక్క పరుగే గద."

ఒక్క పరుగే కాబట్టే ఆపుతున్నానని చెప్పాను. సహస్ర తన గదిలోంచి వింటోందని తెలుసు. సునీత టీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఆమెను వంటగదిలోకి పిలిచి, పదహారేళ్ళ కిందట అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఆమె వంటగది తలుపు దగ్గరికి వేసింది.

"ఐదు నెలలాయె, అక్కా. డేట్ వస్తలేదు. ఆటలాడే పిల్లలకు గట్లనే ఉంటదట అంటే ఊకున్న" అంది. అప్పటిదాకా నన్ను మేడమ్ అనే పిలిచేది.

మర్నాడు నాకు తెలిసిన డాక్టర్ ద్వారా స్కానింగ్ చేయించాం. తొడ ఎముక మెడ దగ్గర వెంట్రుక మందాన పగులు. ఇంకా జరగలేదు. డాక్టర్ ఆ బొమ్మను వెలుతురుకు పట్టి చూపిస్తూ, ఇంకొక్క గట్టి పరుగు చాలు అన్నాడు. ఎనిమిది వారాలు చంకకర్రలు, ఆపైన నెలల తరబడి తిండి మీద శ్రద్ధ. ఆపరేషన్ అవసరం రాలేదు.

రవీందర్ నాతో చాలా కాలం మాట్లాడలేదు. ట్రామ్‌లో ఎదురైతే ఫోన్‌లోకి చూసేవాడు. నేను తప్పు పట్టను. సమయానికి ఆపితే ఏ నష్టం తప్పిందో ఎవరికీ కనబడదు. పోయిన అవకాశం మాత్రం అందరికీ కనబడుతుంది. ఈ పని సరిగ్గా చేసిన రోజున ఎవరైనా కృతజ్ఞత చెబుతారని ఎదురుచూడకండి.

నర్సరీలో

సహస్ర అన్న మాట నన్ను వదల్లేదు. రెండు వారాలు ఆగి కత్రిన్‌ను వెతుక్కుంటూ వెళ్ళాను. వెతకడమేముంది, తండ్రి నర్సరీని ఆమే నడుపుతోందని ఊళ్ళో అందరికీ తెలుసు. వెళ్ళే ధైర్యమే అన్నాళ్ళూ లేకపోయింది.

కుండీల మధ్య నుంచి నెమ్మదిగా, కొంచెం ఊగుతూ నడిచి వచ్చింది. మట్టి సంచి ఎత్తవలసి వస్తే పనివాళ్ళను పిలిచింది. నేను వచ్చిన పని చెప్పాను. సహస్ర సంగతి, ఆమె అన్న మాట, స్కానింగ్, అన్నీ చెప్పాను. ఆ తర్వాత, ఆస్పత్రిలో నేను అబద్ధం చెప్పానని, దానికి క్షమాపణ అడగడానికి వచ్చానని చెప్పాను.

కత్రిన్ చేతులకున్న మట్టి దులుపుకుంది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది.

"పోటీకి మూడు వారాల ముందే మీకు చెప్పాను. మీరు నాలుగైదు రోజులన్నారు. మంచం మీద పడుకుని, అయితే నేను సరిగ్గా చెప్పలేదేమో అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను."

ఆమె ఇంకో మాట కూడా అంది. "ఆ రోజు మీరు ఆపి ఉంటే మిమ్మల్ని అసహ్యించుకునేదాన్ని. ఒక ఏడాది. ఆ తర్వాత మరిచిపోయేదాన్ని."

పలక తీసేయిస్తానన్నాను. వద్దంది. ఆ పరుగు తనదేనని, ఆ టైమ్ కూడా తనదేనని, దాన్ని ఇంకెవరూ తీసేయడానికి వీల్లేదని చెప్పింది. తనకు గిట్టనిది కింది వాక్యం. విత్తనాలు కొనడానికి వచ్చిన కుర్రాళ్ళు, విరిగిన కాలితో గెలిచింది మీరేనా అని మెచ్చుకోలుగా అడుగుతారట. అడిగిన ప్రతిసారీ ఏం చెప్పాలో తెలియక, మొక్కల సంగతి ఎత్తుతుందట. కొత్త వాక్యం తనే రాసి పంపుతానంది. క్షమించానని అనలేదు. వస్తుంటే మాత్రం, ఆ పిల్ల ఇప్పుడెలా ఉందని అడిగింది.

కొత్త హాలు

ఆ మరుసటి ఏడు బడికి కొత్త వ్యాయామశాల కట్టడం మొదలుపెట్టారు. గోడను కూడా కొత్తగా అమర్చాలని నిర్ణయించారు. పాత పలకలన్నీ కరిగించి, ఒకే తీరు అక్షరాలతో మళ్ళీ పోయించాలి. వాక్యాలు సిద్ధం చేయడం నా ఆఖరి పని. కత్రిన్ పంపిన వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా జాబితాలో పెట్టాను.

హెడ్మిస్ట్రెస్ ఫ్రావ్ లెంత్స్ మంచి మనిషి, జాగ్రత్తపరురాలు. నన్ను గదికి పిలిచి, గౌరవ గోడ మీద ఇలాంటిది రాయడం బాగుండదని, తల్లిదండ్రులు ఏమనుకుంటారోనని అంది. తల్లిదండ్రులు చదవాలనే రాస్తున్నామన్నాను. ఎవరి పరువు పోతుందని ఆవిడ భయమో అడిగాను. ఆవిడ మొహమాటపడి, మీదేనండీ అంది. అయితే ఆ విషయంలో నిర్ణయం నాదే కదా అన్నాను. టీచరు పేరు మాత్రం ఉండకూడదని పట్టుబట్టింది. నేను పేరు ఉండాలన్నాను. కత్రిన్‌నే అడిగాం. పేరు అక్కర్లేదని రాసింది. అలా ఆ పలక ఇలా తయారైంది:

"ఎనిమిది వందల మీటర్లు, బడి రికార్డు. తుంటి దగ్గర నొప్పి ఉందని మూడు వారాల ముందే తన టీచరుకు చెప్పింది. టీచరు ఆపలేదు. ఇది ఆమె ఆఖరి పరుగు."

హాలు ప్రారంభం శనివారం పెట్టారు. నేను రిటైరై అప్పటికి రెండు నెలలు. పాత విద్యార్థులు, తల్లిదండ్రులు, ఊరి మేయరు వచ్చారు. నన్ను మాట్లాడమన్నారు. రాసుకున్న కాగితం మడిచి పెట్టేసి, కత్రిన్ పలక చదివి, ఆ టీచరు నేనేనని చెప్పాను. ఆస్పత్రిలో చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. ఏటా పిల్లలకు చెప్పిన కథలో నేను ఏం దాచానో చెప్పాను. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నాతోపాటు ఇరవై ఏళ్ళు పనిచేసిన ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

సహస్ర వచ్చింది. ఆఖరి తరగతిలో ఉంది అప్పుడు. మళ్ళీ పరిగెత్తుతోంది గానీ మునుపటి వేగం రాలేదు. రాష్ట్ర జట్టు మాట ఎత్తడం మానేసింది. గోడ మీద ఆమె పేరు లేదు, బహుశా రాదు. రెండు కాళ్ళ మీద సమంగా నడుస్తూ నా దగ్గరికి వచ్చి, చేయి కలిపి వెళ్ళింది. రవీందర్ కుర్చీలు మడతపెడుతున్నవాడల్లా ఆగి, "చదివిన, మేడమ్" అన్నాడు. అంతకంటే నేను ఆశించలేదు.

జనం పలచబడ్డాక కత్రిన్ వచ్చింది. మీటింగుకు రాలేదు, అలాంటివి తనకు పడవని ముందే చెప్పింది. ఏడేళ్ళ కూతురు లీనాను వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ గోడ ముందు నిలబడ్డారు. నేను దూరంగానే ఉండిపోయాను. ఆ పిల్ల కొత్తగా చదవడం నేర్చుకున్న పిల్లలు చదివినట్టు, వేలు పెట్టి, ఒక్కో మాటా పైకి చదివింది. చదవడం అయ్యాక వెనక్కి తిరిగి, హాల్లో పెద్దవాళ్ళు ఇంకెవరూ లేకపోవడం చూసి, నా దగ్గరికి నడిచొచ్చింది.

"ఆ టీచర్ మీరేనా?"

"నేనే" అన్నాను.

"మా అమ్మ అప్పుడు ఏడ్చిందా?"

కత్రిన్ గోడ దగ్గరే ఉంది, అటు తిరిగి నిలబడి ఉంది, కానీ వింటోంది. అబద్ధం చెప్పడానికి ఇక నాకు చోటు లేదు.

"ఏడవలేదు" అన్నాను. "కింద పడుకునే ఉండి, నా టైమ్ ఎంత అని అడిగింది."

"మీరు చెప్పారా?"

"చెప్పాను. చాలా సంతోషంగా చెప్పాను."